మారు వడ్డన

పెళ్లి విందు మొదటి పంక్తిలో నలభై మందికి కడుపు నిండినట్టు పలక మీద నలభై దీపాలు ఆకుపచ్చగా వెలిగాయి. నలభై ఒకటోది, పెళ్లికొడుకు మేనమామది, పసుపుకు తిరిగింది. తృప్తిశాఖ పర్యవేక్షకురాలు నీరజాక్షి చేతిలోని పలక మీద మీటను అర గీత పైకి జరిపింది. ఒంట్లో కొవ్వు ఎప్పటినుంచో పంపుతున్న 'ఆకలి తీరింది' అన్న కబురును ఆయన మెదడులోని లెప్టిన్ గ్రాహకాలు ఎట్టకేలకు అందుకున్నాయి. బూరె వైపు చాచిన చెయ్యి వెనక్కి వచ్చింది.

"చాలు" అన్నాడాయన.

ముప్ఫై ఏళ్లుగా విందుల్లో ఎవరూ రెండోసారి అడగలేదు. చక్కెర వ్యాధి ఆసుపత్రులు గ్రంథాలయాలయ్యాయి. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ రెండు వందల నోళ్లు ఒకే క్షణాన "చాలు" అంటే వండినవాడికి ఒళ్లు మండదూ?

"ఏటమ్మా, ఒక్కలూ మారు అడగరేటి?" అన్నాడు వంటమేస్త్రి పైడిరాజు.

"అడిగితే నా ఉద్యోగం పోతుంది, బాబాయ్."

"అడక్కపోతే నాది పోద్ది. ఏడాదిలో ఒక్క మారు వడ్డనైనా నేకపోతే మనిసెందుకు, మర సాలని పొయ్యికి సీలేసీస్తారు. ఇయాలే ఆకరి రోజు."

అది పాకశాఖ ఈ ఏడాదే పెట్టిన నియమం. రెండు శాఖలూ ఒకదానితో ఒకటి ఎన్నడూ మాట్లాడుకోవు.

చివరి పంక్తిలో నీరజాక్షి కూడా కూర్చుంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర ముగిసేసరికి ఆమె దీపమూ పచ్చబడింది. ఆకలి రవ్వంత లేదు. పైడిరాజు బేసిన్‌తో ఎదుట నిలబడ్డాడు.

"కొంచెం ఎయ్యమంటారేటి?"

జవాబు తెలిసే అడిగాడు. అయినా గరిటె నింపి పట్టుకున్నాడు. ఆమెకు జాలేసింది. నిజం చెప్పాలంటే, జాలికంటే ముందు కూర బాగుందనిపించింది. ఆమె మీట ముట్టుకోలేదు.

"వెయ్యి, బాబాయ్."

పలక గీపెట్టింది: 'గ్రాహకం సక్రమం. కబురు అందింది. అయినా కోరిక ఉంది. కారణం రాయండి.'

నీరజాక్షి ఎడమచేత్తో రాసింది: 'పనసపొట్టు కూర'.

పలక చాలాసేపు వెతికింది. దాని జబ్బుల జాబితాలో అది లేదు. ఈలోగా చెయ్యి కడుక్కుని వెళ్లిన మేనమామ తిరిగొచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"నాకూ ఆ జబ్బే ఉన్నట్టుంది. ఓ ఆకెయ్యండి."

"నాకూ" అన్నారెవరో వెనకనుంచి.

"ఉండండి బాబూ, అందరికీ ఉంది" అంటూ పైడిరాజు భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

పలక మీద దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. పంక్తిలోంచి ఒక్కరూ లేవలేదు.