పేగులు కడిగిన ఎర్నిస్

మా మనవరాలు జిపార తన క్లాసు కుర్రాడు ఎర్నిస్‌తో మాట్లాడడం మానేసి నాలుగు రోజులైంది. గొడవంతా పేగుల దగ్గర వచ్చింది.

ఓష్ పట్నంలో దానిది డాక్టరు చదువు. కడుపులో బిడ్డ పేగు ఆరో వారంలో పొట్టలో చోటు చాలక, బొడ్డుతాడులోకి జారి, మెలి తిరుగుతూ పదో వారానికల్లా లోపలికొచ్చి సర్దుకుంటుందట. ఐదుగురిని కన్నదాన్ని, నాకే తెలీదు. ఎటు తిరుగుతుందని మేష్టారు అడిగితే, ఇది తన పొట్ట మీద వేలు తిప్పుకుంటూ గడియారం ముల్లు తిరిగే వైపే అంది. ముందు బల్ల నుంచి ఎర్నిస్ "తప్పు, దానికి ఎదురు" అన్నాడు. అందరూ నవ్వారు. మేష్టారు దాన్ని తప్పించారు. దానికి సోమవారం మళ్లీ పరీక్ష, అందులో పోతే సీటే పోతుంది.

ఆదివారం మా ఇంట్లో ముని మనవడి ఊయల పండగ. గొర్రెని కోశాం. పేగులు కడగడం ఆడవాళ్ల పని, మా వీధిలో మగాడెవడూ ఆ బేసిన్ దరిదాపులకి రాడు. ఎర్నిస్ నోట్సు పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. నోట్సు తనకీ ఉందంది జిపార. వాడు చొక్కా చేతులు పైకి మడిచి, బేసిన్ ముందు కూర్చుని పేగులు కడగడం మొదలెట్టాడు. పక్కింటావిడ గోడ మీంచి చూసి మరో ఇద్దరిని పిలిచింది.

కడిగిన పేగొకటి తన తెల్ల చొక్కా మీదే పొట్టకి ఆనించి, మెల్లగా తిప్పాడు.

"ఎటు తిరిగింది?"

"ముల్లుకి ఎదురు," అంది ఎదురుగా కూర్చున్న జిపార.

తల వంచి తన పొట్ట కేసి చూసుకున్నాడు. మళ్లీ తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు ముల్లు వైపే కనిపిస్తోంది. నువ్వు నీ వైపు నుంచి చెప్పావు, పుస్తకం ఎదుట నిలబడి చెప్తోంది. నీ మాట విన్నాను గానీ, వేలు చూడలేదు."

"ఇక్కడ కాదు, క్లాసులో చెప్పు."

"చెప్తాను. నువ్వు నా వైపు చూడక నాకూ ఏదీ బుర్రకెక్కట్లేదు."

జిపార బేసిన్‌లో నీళ్లు మార్చడానికని లేచింది. నీళ్లు అప్పుడే మార్చాను నేను.

సోమవారం అందరి ముందూ లేచి, తప్పు తనదని చెప్పాడట. అయినా మేష్టారు దాన్ని మొదట్నుంచీ అడిగారు. ఎవరి వైపు నుంచి చూస్తున్నదీ ముందే చెప్పి, జిపార గట్టెక్కింది.

వసంతంలో ఎర్నిస్ వాళ్లమ్మ పెళ్లిమాటకి చెవిపోగులు తెచ్చింది. మాలో కుర్రాడి తల్లి చేత అవి పెట్టించుకుంటే, పిల్ల ఒప్పుకున్నట్టే. ఇంట్లో ఒక్క గిన్నె కడగడు, మీరేం చేశారు వాడినని నన్ను నిలదీసింది. చదువయ్యాకే పెళ్లంది జిపార. సరేనందావిడ. అప్పుడు మా పిల్ల జడ పక్కకి తీసి, చెవి చూపించింది.