పెళ్ళిచూపుల్లో ఇరుక్కున్న ముక్క

“ముద్దకో గ్లాసు నీళ్ళా? మా కారం అంత మండుతోందాండీ?”

ఫిజా అడిగిన మొదటి మాట అదే. కలీం తలెత్తి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా, అమ్మాయి బాగుందని మాత్రం తెలిసింది.

ప్రత్తిపాడులో మిరప పండించే మాబు ఇంట పెళ్ళిచూపులంటే మాంసం కూరే పరీక్ష. కారానికి దగ్గినవాడికి ఆయన పిల్లనివ్వడు. అప్పటికే ఇద్దరు దగ్గి వెళ్ళిపోయారు.

సత్తెనపల్లిలో బట్టల షాపు నడిపే కలీం దగ్గలేదు. అసలు మాటే పెగల్లేదు. ముక్క ఛాతీ మధ్యలో ఆగిపోయింది. లేచి పెరట్లోకి పరుగెత్తాడు.

“మావాడికి సిగ్గెక్కువ,” అంది అతని తల్లి సర్దార్‌బీ.

“గ్యాసు,” అన్నాడు మాబు.

“దిష్టి,” అంది ఆయన భార్య ఖుర్షిదా.

ఫిజా చెంబుతో వెనకే వెళ్ళింది. కలీం గోడ పట్టుకుని వంగి ఉన్నాడు. కాసేపటికి ముక్క బయటపడింది. ప్రాణం లేచొచ్చింది.

“కారమేనా?”

“పాపం, మీ మిరపకాయ తప్పేం లేదండీ. నాకు అన్నవాహికలో వాపు. రోజూ మందు మింగితే బాగానే ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడాలన్నాడు బ్రాడీపేట డాక్టరు.”

“మరి వాడట్లేదేం?”

“సంబంధం కుదిరేదాకా ఆపమంది అమ్మ. ఎవరైనా చూస్తే రోగిష్టివాడంటారని.”

“నన్ను చూడ్డానికి ప్రాణాలకి తెగించి వచ్చారన్నమాట! సినిమా హీరోలు మీ ముందు బలాదూర్.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“పెళ్ళయ్యాక కూడా దాచేవారా?”

“ఫొటోలో మీరు కోపంగా ఉన్నారు. చెబితే వద్దంటారని భయమేసింది.”

“ఇప్పుడూ కోపంగానే ఉన్నాను. అందరి ముందూ చెప్పండి. అప్పుడు ఆలోచిస్తాను.”

కలీం లోపలికొచ్చి అందరికీ చెప్పాడు. సర్దార్‌బీ తలవంచుకుంది.

“ఏళ్ళ తరబడి మందా? మందుల మీద బతికేవాడికి పిల్లనెట్టా ఇచ్చేది?” అని గట్టిగా అరిచాడు మాబు. అరిచి, ఆయాసం తీర్చుకుని, జేబులోంచి బీపీ బిళ్ళ తీసి వేసుకున్నాడు.

“అవును, ఆరోగ్యం ముఖ్యం,” అంటూ ఖుర్షిదా షుగరు బిళ్ళ కోసం అల్మారా తెరిచింది.

“నాన్నా, ఆ బిళ్ళ ఎప్పట్నుంచి వేసుకుంటున్నావు?” అడిగింది ఫిజా.

“అది వేరే. నాకు పెళ్ళయ్యాక వచ్చింది.”

“మరి అమ్మ నిన్ను వదిలేసిందా?”

“వదిలేయొచ్చని నాకెవరూ చెప్పలేదే!” అంది ఖుర్షిదా, అల్మారాలోంచి తల బయటికి పెట్టి.

 మాబు కూతురి ముఖం చూశాడు.

“నీకిష్టమేనా?”

“మందు మానకపోతే ఇష్టమే.”

సర్దార్‌బీ బయటికెళ్ళి, కారు సీటు కింద తనే దాచిన మందు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. కలీం దాన్ని ఖుర్షిదా ఇచ్చిన తేనెలో కలుపుకుని మింగాడు.

మాబు లడ్డూ పట్టుకుని మీదికొచ్చాడు. “నోరు తీపి చేసుకో అల్లుడూ!”

“అరగంట ఆగాలి మామా. మందు లోపల అంటుకుని ఉండాలి. మంచినీళ్ళు కూడా తాగకూడదు.”

పెళ్ళికొడుకు తినకుండా పెద్దలెలా తింటారు? లడ్డూలు చేతుల్లో పట్టుకుని అందరూ మళ్ళీ కూర్చున్నారు.

ఫిజా కుర్చీ అతని పక్కకి లాక్కుంది. “అయితే రోజూ అరగంట, కాఫీ అని లేచిపోకుండా నా మాటలు వింటారన్నమాట.”

“రెండు పూటలా.”

“ఎన్నేళ్ళు?”

“డాక్టరు చెప్పలేదండీ.”

“అడక్కండి,” అంది ఫిజా.