ఉప్పునీళ్ల సంబంధం

పెళ్లిచూపులకు వచ్చినవాడు పిల్లను చూడాలి, పిల్ల చాపను చూడాలి. బోధన్‌లో ఇది ఎవరూ రాసి గోడకు అంటించలేదు గానీ అందరికీ తెలిసిన రూలే.

గంగామణి రూలు ప్రకారమే తల వంచుకుని కూర్చుంది. ఎదురుగా కూర్చున్న లింబాద్రి మాత్రం రూలు తప్పాడు. అతని చూపు పిల్ల మీద లేదు. ఆమె పక్కన, కిటికీ దగ్గరున్న గాజు తొట్టి మీద ఉంది.

లింబాద్రిది ఎడపల్లి. షుగర్ ఫ్యాక్టరీ లాబ్‌లో కెమిస్టు. రోహిణి కార్తె ఎండకు అతని చొక్కా ఇస్త్రీ ఈ ఇంటి గడప దాటకముందే పోయింది.

"ఏమన్న అడుగు బిడ్డా," అని తల్లి భూమవ్వ మోచేత్తో పొడిచింది.

లింబాద్రి గొంతు సవరించుకున్నాడు. "నీళ్లల్ల ఉప్పు ఎక్కువైనట్టున్నది."

అందరూ మొహాలు చూసుకున్నారు. గంగామణి తల్లి రేణుకమ్మ చప్పున అందుకుంది. "అయ్యో, మా పిల్ల ఉప్పుకారం మంచిగనే ఏస్తది!"

"కూర కాదమ్మా. తొట్టి."

గంగామణి తలెత్తింది. పెద్ద కళ్లు. వాటిలో ఇప్పుడు మిరపకాయలు మండుతున్నాయి.

"మీరు పిల్లను చూడ వచ్చిండ్రా, తొట్టిని చూడ వచ్చిండ్రా?"

గంగామణి తండ్రి నర్సింలుకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. భూమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోవడానికి.

ఇక్కడ తొట్టి సంగతి కొంచెం చెప్పాలి. గంగామణి మేనమామ పోశన్న బొంబాయి ఓడరేవులో పనిచేస్తాడు. అక్కడ సముద్రం వెనక్కు తగ్గినప్పుడు బండల సందుల్లో దొరికిన ఒక రాయిని మేనకోడలి కోసం తెచ్చాడు. ఆ రాయి నిండా గుండీల్లాంటి జీవులు. వెలుతురు పడితే ఆకుపచ్చగా పూలలా విచ్చుకుంటాయి, వేలు పెడితే ముడుచుకుంటాయి. అసలు పగడం కాదు గానీ పగడానికి దగ్గరి చుట్టం. గంగామణి బి.ఎస్సీ. చదివి బాలికల హైస్కూల్లో సైన్సు చెబుతోంది కాబట్టి, ఆ చుట్టరికం ఆమెకు తెలుసు.

పోశన్న వచ్చినప్పుడల్లా డబ్బాల్లో సముద్రపు నీళ్లు తెస్తాడు. ఒకసారి రైల్లో పక్క సీటాయన అది సారా అనుకుని అడిగి మరీ ఒక గుటక తాగాడట. నిజామాబాద్ వచ్చేదాకా మళ్లీ నోరెత్తలేదట.

ఇంతకుముందు వచ్చిన ఒక సంబంధం వాళ్లు, "పిల్ల నచ్చింది, ఆ నీచు వాసన తొట్టి మాత్రం వద్దు," అన్నారు. "అయితే పిల్ల కూడా రాదు," అంది గంగామణి. ఆనాటి నుంచి రేణుకమ్మకూ తొట్టికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

ఇప్పుడేమో కొన్నాళ్లుగా ఆ పూలు సరిగ్గా విచ్చుకోవడం లేదు. గంగామణికి అన్నం సయించడం లేదు. ఎంతో ప్రాణంగా పెంచుకున్నవి కళ్లముందే చచ్చిపోతాయేమోనని ఆమెకు నిజంగా భయంగా ఉంది. అలాంటప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి నలుగురిలో ఆ మాట అంటే మండదూ?

మర్నాడు సాయంత్రం లింబాద్రి సైకిలేసుకుని ఒక్కడే వచ్చాడు. చేతిలో దస్తీలో చుట్టిన గాజు గొట్టం.

"కబురు మీ అవ్వతోని పంపాలె గని నువ్వే వచ్చినవేంది బిడ్డా?" అంది రేణుకమ్మ.

"కబురు కాదమ్మా. నీళ్లు చూడ వచ్చిన."

రేణుకమ్మ నుదురు కొట్టుకుని లోపలికి పోయింది.

"ఇది బ్రిక్స్ స్పిండిల్. చెరుకు రసం ఎంత చిక్కగున్నదో చెప్తది," అన్నాడు లింబాద్రి. ముందు పోశన్న తెచ్చిన డబ్బాలో ముంచాడు. అది ఒక గీత దాకా మునిగి నిలబడింది. తర్వాత తొట్టిలో వదిలాడు. ఇక్కడ అంత మునగలేదు. పైకే తేలింది.

"చూసిండ్రా? ఈ నీళ్లు చిక్కబడ్డయ్. మట్టం తగ్గినప్పుడల్ల ఏం పోస్తున్నరు?"

"సముద్రపు నీళ్లే. మా మామ తెచ్చినయ్."

"ఎండకు పోయేది నీళ్లే గద. ఉప్పు ఏడికి పోతది? రసం కాగినట్టే. తీపి కడాయిలనే ఉంటది."

గంగామణి నాలుక కరుచుకుంది. "అయ్యో! ఇది నేను పిల్లలకు పాఠం చెప్పిన."

"ఏమని?"

"సముద్రం మీద లేచిన మబ్బు మంచినీళ్ల వాన ఎట్ల కురుస్తదని."

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. నవ్వితే ఆమె బుగ్గన చిన్న సొట్ట పడింది. లింబాద్రికి కాసేపు స్పిండిల్ ఎందుకు పట్టుకున్నాడో గుర్తులేదు.

ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అతను తొట్టిలోంచి బిందెడు తోడేసి, బిందెడు మంచినీళ్లు కుమ్మరించి, గెలిచినవాడిలా నిలబడి ఉన్నాడు.

"అయిపాయె! సరిపోను పలుచనైంది."

గంగామణి తొట్టిలోకి చూసింది. సగం సగం తెరుచుకున్నవి కూడా గట్టిగా ముడుచుకుపోయాయి. రాయి మీద జిగురు తేలింది. టీ కప్పు కిటికీలో ఠక్కున పెట్టింది.

"ఎండల నుంచి వచ్చినోని నెత్తి మీద మంచునీళ్లు పోస్తరా ఎవరన్న? చెమ్చాతోని పొయ్యాలె! రోజింత! మీ కడాయిల చక్కెరకు పానం లేదు, వీటికున్నది!"

"నేను..."

"పొండ్రి. మళ్ల రాకుండ్రి."

లింబాద్రి టీ తాగకుండానే వెళ్లిపోయాడు. అంతా వింటున్న రేణుకమ్మ బయటికొచ్చింది. "రెండో సంబంధం గూడ చెడగొట్టింది నీ తొట్టి. ఐతారం దాక చూస్త. ఆ పూలు తెరిస్తే సరి, లేకుంటే మోరీల పోస్త."

ఆదివారం నాటికి మృగశిర వచ్చేసింది, గాలీ వానా వెంటబెట్టుకుని. మధ్యాహ్నమే కరెంటు పోయింది. తొట్టికి గాలి కొట్టే చిన్న మోటారు ఆగిపోయింది. పూలు ఒక్కటీ తెరుచుకోలేదు. గంగామణి లోటాతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూనే ఉంది, అలాగైనా కొంచెం గాలి కలుస్తుందని. చేతులు లాగుతున్నాయి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. రేణుకమ్మ బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

అప్పుడు వానలోంచి లింబాద్రి వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. మెడలో దండలాగా గాలి నింపిన ట్రాక్టర్ ట్యూబు!

"మళ్ల రాకుండ్రి అన్న గద!"

"మిమ్మల్ని చూడ రాలే. వాటిని చూడ వచ్చిన."

ట్యూబు మూతికి సన్నని రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొస తొట్టిలో వదిలాడు. బుడగలు బుడబుడమని లేచాయి. "చెరుకు ట్రాక్టరుది. కరెంటు వచ్చేదాక ఇదే ఊపిరి."

చెరో పక్కన నేల మీద కూర్చున్నారు. బయట వాన దంచుతోంది.

"నేను చేసింది తప్పే," అన్నాడు లింబాద్రి. "మీరు టీ తెచ్చేలోపల పూలు తెరిపియ్యాలనుకున్న. మల్ల ఒకపారి నవ్వుతరని."

గంగామణి లోటా కింద పెట్టింది.

"ఇంకోటి చెప్పాలె. ఆనాడు నేను తొట్టిని చూడలే. గంతమంది ముంగట పిల్లను ఎట్ల చూడాలె? ఆ తొట్టి అద్దంల నీ మొకం కనబడ్డది. దాన్నే చూస్తున్న. నీ కండ్లు గూడ అద్దంలనే కనబడేసరికి బుగులైంది. అవ్వ ఏమన్న అడుగుమన్నది. ఆ అద్దానికి తెల్లగ ఉప్పు పేరుకున్నది, నోటికి అదొచ్చింది."

'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఇద్దరూ గమనించారు, ఎవరూ సరిదిద్దలేదు.

"నా కండ్లు అద్దంల ఎందుకున్నయంటవ్?" అంది గంగామణి మెల్లగా. "తల వంచుకుంటే వచ్చినోడు ఎట్లున్నడో ఎట్ల తెలుస్తది? అందుకే తొట్టి ఆడ పెట్టిన. నువ్వు నన్నే చూస్తున్నవని సంబురపడ్డ. గంతల ఉప్పు సంగతి తీస్తివి. కోపం రాదా మరి?"

"ఓసీ! కిటికీ కాడ పెట్టింది వెలుతురు కోసమంటివి గదనే!" గుమ్మంలోంచి రేణుకమ్మ కేక.

ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు. అప్పుడే గంగామణి చూపు తొట్టి మీద పడింది. రాయి అంచున ఒక్కటంటే ఒక్కటి, ఆకుపచ్చ పువ్వు, మెల్లగా విచ్చుకుంటోంది.

"అవ్వా! తెరిచింది! చూడే!"

రేణుకమ్మ వచ్చి వంగి చూసింది. పువ్వును చూసింది, ఏడుస్తూ నవ్వుతున్న కూతుర్ని చూసింది, మెడ చుట్టూ ట్యూబు నల్లటి మరక అంటుకున్న పిల్లవాణ్ణి చూసింది. బకెట్ తీసుకుని బయటికి నడిచింది.

తొట్టి నీళ్లు మోరీ కాలువలో పోయడానికని తెచ్చిన ఆ బకెట్‌ను రేణుకమ్మ చూరు కింద పెట్టింది. వాన ధార అందులో టపటపా పడసాగింది.

"వాన నీళ్లల్ల ఉప్పుండదట గద," అంది, వాళ్లవైపు తిరగకుండానే. "పట్టుకపోయి పొయ్యుండ్రి. చెమ్చాతోని. బిందెతోని పోస్తే ఇద్దర్నీ ఎల్లగొడ్త."

"సరే అత్తమ్మా," అన్నాడు లింబాద్రి.

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

గంగామణి గబుక్కున తల వంచుకుంది, రూలు ప్రకారం. కాకపోతే ఈసారి చాప వైపు కాదు, తొట్టి వైపు. ఆ అద్దంలో అతను అప్పటికే ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు.