కోల్డర్ మలుపు దగ్గర గిటారు

చీకటి పడ్డాక కోల్డర్ మలుపు మీదుగా ఎవరూ పోరు.

మిసిసిపీ పత్తి చేల మధ్య, కరకట్టకి ఆనుకుని ఉంటుందా మలుపు. అక్కడో రేకుల ఇల్లు. ఒకప్పుడు శనివారం వస్తే చాలు, చేలల్లో నడుములు విరిగేలా పనిచేసినవాళ్ళంతా అక్కడ చేరేవాళ్ళు. తాగి, వేయించిన చేపలు తిని, తెల్లవార్లూ బ్లూస్ పాటలకి చిందులేసేవాళ్ళు. ఇప్పుడు తలుపులకి అడ్డంగా చెక్కలు కొట్టేశారు. లోపల పిట్ట కూడా లేదు.

అయినా రాత్రిళ్ళు గిటారు మోగుతుంది...

వాయించేది ఒకప్పుడు అక్కడ పాడిన ఎల్మో ట్రాస్క్ అంటారు. అతను పోయి ముప్పై ఒక్క ఏళ్ళు.

ఈ సంగతి నాకు చెప్పింది క్లోటీల్ అత్త. జరిగింది ఆమె మేనల్లుడు వెర్నెల్‌కి. వయసులో ఉన్నప్పుడు వెర్నెల్ ఎల్మో పక్కన మౌతార్గన్ వాయించేవాడు. ఇద్దరూ ఒకే కారులో ఊరూరా తిరిగి కచేరీలు చేసేవాళ్ళు. ఆ కారు ప్రమాదంలో ఎల్మో చచ్చిపోయిన రాత్రి నడిపింది వెర్నెలే. కాలు విరిగి బతికాడు. ఆసుపత్రి నుంచి అటునుంచి అటే షికాగో పోయాడు. తరవాత ఎవరెవరి బృందాలతోనో దేశదేశాలు తిరిగాడు. సొంతూరి మొహం మాత్రం చూడలేదు.

యాభై అయిదో ఏట వచ్చాడు. అదీ పిలిస్తేనే. ఈ చుట్టుపక్కల పాటలు తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారని, ఉన్నవాళ్ళ చేతనైనా పాడించి దాచాలని ఒక కాలేజీవాళ్ళు బయల్దేరారు. ‘ఎల్మో పాట ఒక్కటీ రికార్డు కాలేదు. ఆయనతో తిరిగినవాళ్ళలో మిగిలింది మీరొక్కరే’ అని ఉత్తరం రాశారు.

ఆ పొద్దున క్లోటీల్ అత్త రొట్టె వడ్డిస్తూ చెప్పింది.

"ఒరేయ్, పొద్దుపోతే పెద్ద రోడ్డు మీంచి రా. ఆ మలుపు మీంచి రాకు."

"ఏం, దెయ్యం నన్ను కొరుక్కు తింటుందా అత్తా?"

"నిన్ను తిని అదేం బాగుపడుతుందిరా, ఎముకలు తప్ప ఏమున్నాయి నీ దగ్గర! మాట విను." గొంతు తగ్గించింది. "అది ఎల్మోరా... మెంఫిస్‌లో ఎవత్తెనో తగులుకుని, దాని దగ్గరికి పోతూనేగా చచ్చాడు. పెళ్ళాన్ని మోసం చేసినవాడికి నిద్రెలా పడుతుంది?"

వెర్నెల్ చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"మెంఫిస్ అని... ఎవరన్నారు?"

"ఒకరనేదేంటి, ఊరంతా చూసింది. కారు మూతి ఉత్తరానికి, మెంఫిస్ వైపు తిరిగి ఉంది."

వెర్నెల్ రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు. లేచి వెళ్ళిపోయాడు.

కాలేజీలో మైకు ముందు కూర్చున్నాడు. వాళ్ళవీ వీళ్ళవీ పాడాడు. ఎల్మో పాట దగ్గరికొచ్చేసరికి మైకు పక్కకి జరిపేశాడు. సాయంత్రం దాకా చూసి, "రేపు రండి" అన్నారు వాళ్ళు పాపం.

బయటికొచ్చేసరికి కుండపోత. పెద్ద రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. పోలీసులు కార్లు వెనక్కి తిప్పేస్తున్నారు.

ఇక మిగిలింది... కోల్డర్ మలుపు.

మలుపు దగ్గరికొచ్చేసరికి వాన వెలిసింది. కప్పలు కూడా అరవడం లేదు. వెర్నెల్ కారు అద్దం దించాడు —

గిటారు.

సీసా మెడ వేలికి తొడుక్కుని తీగ మీద జారుస్తుంటే, మనిషి మూలిగినట్టు వచ్చే చప్పుడు. అలా జారుస్తూ, మూడో తీగని రవంత ఆలస్యంగా అందుకోవడం... అది ఎల్మో చెయ్యి. వెర్నెల్ ఎరిగినంతలో అలా వాయించేవాడు ఇంకొకడు లేడు.

‘నాకోసమే వచ్చాడు’ అనుకున్నాడు వెర్నెల్.

పారిపోవాలి. కానీ కారాపి దిగాడు. ఎందుకు దిగావంటే ఇప్పటికీ చెప్పలేడు. బురదలో కుంటుకుంటూ ఇంటి వెనక్కి వెళ్ళాడు. అక్కడ ఒక చెక్క ఊడి ఉంది. సందులోంచి సన్నటి వెలుగు...

పాట రెండు చరణాలు నడిచింది. మూడోది మొదలుకావాల్సిన చోట — ఆగిపోయింది.

మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అక్కడే ఆగింది.

మూడోసారి కూడా అక్కడే.

"అన్నా..." అన్నాడు వెర్నెల్. అన్నానని కూడా తెలీదతనికి.

లోపల దీపం కదిలింది. "ఎవరది?"

ఆడగొంతు!

చెక్క పక్కకి జరిగింది. దీపం వెలుగులో తెల్లజుట్టు, ముడతలు పడ్డ మొహం. చంకలో ఎల్మో గిటారు.

ఆర్జీలియా. ఎల్మో భార్య.

"వదినా... నువ్వా?"

ఆమె దీపం ఎత్తి చూసింది. "వెర్నెల్! ముసలాడివైపోయావే." చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "మెల్లగా మాట్లాడు. చర్చిలో ఆడవాళ్ళకి పెద్దదిక్కుని నేను. బ్లూస్ అంటే వాళ్ళకి సాతాను పాటలు. నేను వాయిస్తున్నానని తెలిస్తే పాస్టరు గారు ఊరుకోరు. దెయ్యమని జనం ఇటు రాకపోవడం నాకు కలిసొచ్చింది."

"రోజూ వస్తావా?"

"వేళ్ళు మర్చిపోతాయని వస్తాను. ఆయన పాట ఇంకెక్కడుంది, నా వేళ్ళల్లో తప్ప?" దీపం కింద పెట్టింది. "రెండు చరణాలే నేర్పాడు. మూడోది దారిలో కడతానన్నాడు. కట్టి... ఆ మెంఫిస్‌దానికి వినిపించి ఉంటాడు."

వెర్నెల్ నేలమీద కూలబడ్డాడు.

"మెంఫిస్ లేదు వదినా... ఎవరూ లేరు. ఆ రాత్రి కచేరీ సగంలో ఆపేశాడు. ‘ఇక చాలురా, ఇంటికి తిప్పు’ అన్నాడు. మేం ఇంటికొస్తున్నాం. నేను... కునుకు తీశాను. ఒక్క క్షణం. కారు గిరగిరా తిరిగి, ఉత్తరానికి మూతిపెట్టి ఆగింది."

ఆమె గిటారు ఒళ్ళోకి లాక్కుంది.

"మూడో చరణం కారులో పాడాడు" అన్నాడు. పాడాడు కూడా, కళ్ళు నేలమీంచి ఎత్తకుండా —

‘ఊరి తరవాత ఊరు, ఆర్జీ, ఈ బూట్లు అరిగిపోయాయి...
ఊరి తరవాత ఊరు, ఆర్జీ, ఈ బూట్లు అరిగిపోయాయి...
నీ గుమ్మంలో విప్పేస్తాను, మళ్ళీ తొడిగితే ఒట్టు.’

ఆర్జీలియా గిటారు పక్కన పెట్టింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు" అంది. "మొగుడు మోసగాడని ఊరు జాలిపడుతుంటే తలొంచుకు తిరిగాను. ఈ ఒక్క ముక్క రాయడానికి నీకు కార్డు దొరకలేదట్రా?"

"నిద్రపోయానని కూడా రాయాలి కదా వదినా..."

ఆమె చెయ్యెత్తింది. కొడుతుందనుకుని వెర్నెల్ కళ్ళు మూసుకున్నాడు. ఆ చెయ్యి అతని తల మీద వాలింది. అక్కడే ఉండిపోయింది.

మర్నాడు ఇద్దరూ కలిసి కాలేజీకి వెళ్ళారు. ఆమె వాయించింది, అతను పాడాడు. మూడు చరణాలూ.

ఆ ఆదివారం చర్చిలో అందరూ తమ అనుభవాలు సాక్ష్యాలుగా చెప్పుకునే వేళ ఆర్జీలియా లేచింది. తెల్ల గౌను, తెల్ల టోపీ. ఆఖరి బెంచీలో వెర్నెల్ తల దించుకుని కూర్చున్నాడు.

"కోల్డర్ మలుపు దెయ్యాన్ని నేనే" అంది.

పాస్టరు గారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"దానికి ఏ శిక్ష వేస్తారో వెయ్యండి. కానీ ముందీ మాట వినండి. మా ఆయన... ఆ రాత్రి ఇంటికే వస్తున్నాడు."