మేం బయల్దేరతాం

సన్నీబ్యాంక్ ఫుడ్‌కోర్టులో మధ్యాహ్నం రద్దీ. నూడుల్స్ గిన్నె ముందు ఒంటరిగా కూర్చున్న పెద్దాయన చాప్‌స్టిక్స్ కింద పెట్టి, ఎవరినో పిలవబోతున్నట్టు చెయ్యెత్తాడు. నోరు పెగల్లేదు. తల మెల్లగా బల్ల మీద వాలింది. బల్లలు తుడిచే ఆవిడ ఆయన కునుకు తీస్తున్నాడనుకుని, గిన్నె తీసేసి, చేతుల చుట్టూ జాగ్రత్తగా తుడిచి వెళ్ళింది. విషం కలిపినవాడు అప్పటికే బస్సెక్కేశాడు.

చనిపోయినాయన పేరు తావో రీమా. తలావీ దీవులవాడు. ఇంగ్లీషు నుంచి తలావీ భాషలోకి మాటలు మార్చే దుబాసీ.

మర్నాడు సిడ్నీలో, తలుపు మీద ఏ బోర్డూ లేని ఒక ఆఫీసులో, ఏజెంట్ వాహెద్ తన చీఫ్ శేషగిరి ఎదురుగా కూర్చున్నాడు. బ్లాక్‌టౌన్‌లో ఇరుగుపొరుగులకి వాహెద్ వై టూ కే కన్సల్టెంట్, అంటే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి ఆగిపోకుండా చూసేవాడు. 1999లో ప్రతి రెండో తెలుగువాడూ అదే పని చేస్తున్నాడు కాబట్టి అంతకన్నా మంచి మారువేషం ప్రభుత్వం వాళ్ళు కూడా కుట్టించలేరు.

"దుబాసీని చంపుడేంది సార్? మినిస్టర్ గాదు, జనరల్ గాదు."

"కొండవాళ్ళూ తీరంవాళ్ళూ ఇద్దరూ నమ్మే మనిషి ఆ దేశంలో ఆయనొక్కడేనయ్యా. అందుకు."

శేషగిరి మ్యాపు పరిచాడు. డార్విన్‌కి ఉత్తరాన ఆవగింజలు చల్లినట్టు తలావీ దీవులు. కొండవాళ్ళకీ తీరంవాళ్ళకీ ఏళ్ళ తరబడి అంతర్యుద్ధం. ఊళ్ళలో మగపిల్లలు మిగల్లేదు. చివరికి రెండు పక్షాలూ అలిసిపోయి, రహస్యంగా డార్విన్‌లో కూర్చోవడానికి ఒప్పుకున్నాయి. తీరం తరఫున లూమా అనే పెద్దావిడ. ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకుంది. కొండల తరఫున కమాండర్ దారెక్. అతని ఊరే లేదిప్పుడు.

"హోటల్ బయట బోర్డు మాత్రం వై టూ కే వర్క్‌షాప్. స్పాన్సర్ బాలమురళి షిప్పింగ్స్."

"ఆ బాలమురళి... తుపాకులమ్మేటోడు గదా?"

"రెండు పక్షాలకీ వాడి ముఠాయే అమ్ముతోంది. శాంతి వస్తే వాడి ఓడలు ఖాళీ. కానీ ప్రూఫ్ లేదు. తీరంవాళ్ళు వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు ముట్టుకుంటే చర్చలు ఆగిపోతాయి. అగ్రిమెంట్ సంతకమయ్యేదాకా ఆ ఇద్దరూ బతికుండాలి. అంతే నీ పని."

"లోపల మనవాళ్ళెవరు?"

"వాడి కంపెనీ అమ్మాయే. కోడ్ వర్డ్ గుర్తుంచుకో. 'గోంగూర మొలిచిందా?' అని నువ్వడగాలి."

డార్విన్‌లో వానాకాలం. గాలిలోనే నీళ్ళున్నట్టు ఉక్కపోత. హోటల్ లాబీలో నల్ల గాగుల్స్, ఎర్ర లిప్‌స్టిక్, ఎత్తు మడమల చెప్పులతో ఒకామె నడిచొస్తుంటే సెక్యూరిటీవాళ్ళు డ్యూటీ మర్చిపోయి చూశారు. వాహెద్ ఎదురెళ్ళాడు.

"గోంగూర మొలిచిందా?"

"మొలిచింది. రాత్రి పెరట్లోకి పాసమ్ దూరి తినేసింది," అంది వైశాలి, చిరునవ్వు కూడా లేకుండా.

విజయవాడ అమ్మాయి. బాలమురళి కంపెనీ వీసా మీద వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి తలావీ రేవుకెళ్ళినప్పుడు, ఒకే ఓడలోంచి పొద్దున తీరంవాళ్ళకీ సాయంత్రం కొండవాళ్ళకీ పెట్టెలు దిగడం కళ్ళారా చూసింది. తిరిగొచ్చిన వారానికి శేషగిరికి ఫోన్ చేసింది. అప్పటినుంచి బాలమురళికి నమ్మకస్తురాలు, శేషగిరికి కళ్ళూ చెవులూ.

చర్చలు జరిగిన ఆ నాలుగు రోజులూ ఇద్దరూ కంప్యూటర్లు చెక్ చేస్తున్నట్టు నటిస్తూ పక్కపక్కనే పనిచేశారు. వాహెద్‌ది నల్లగొండ. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. ఓ మధ్యాహ్నం అన్నాడు:

"వైశాలీ, మేం టీ తాగుదామా?"

ఆమె గాగుల్స్ తీసి మరీ నవ్వింది. "మేం తాగుదామా ఏంటండీ! మీవాళ్ళంతా తాగుతుంటే నేను చూస్తూ కూర్చోవాలా? మనం తాగుదామా అనాలి. నన్ను కూడా కలుపుకోండి కాస్త."

"ఉర్దూల మేం అన్నా మనం అన్నా అంతా హమ్మే. నాకు రెండూ ఒక్కటే."

"ఒక్కటి కాదండీ బాబూ. చాలా తేడా ఉంది."

టీ తాగుతూ ఆమె చెప్పింది, ఈ పని అయ్యాక గాగుల్సూ లిప్‌స్టిక్కూ పడేసి మామూలు మనిషిలా ట్రైన్‌లో ఆఫీసుకెళ్ళాలని ఉందని. బ్లాక్‌టౌన్‌లో తన వీధిలోనే ఒక ఇల్లు అద్దెకుందన్నాడు వాహెద్. అంతకంటే ఏమీ అనలేదు. అనాల్సింది. మిమ్మల్ని క్షేమంగా తీసుకెళ్తాను అని మాత్రం మాటిచ్చాడు.

సంతకాల రోజు పొద్దున బాలమురళి వైశాలిని తన గదికి పిలిపించాడు. నుదుట కుంకుమ, నోట్లో లవంగం, ఎవర్ని పిలిచినా 'బాబూ', 'అమ్మాయ్' అనే మర్యాద. ఆమె గాగుల్స్ కాడలో మైక్ ఉంది. రెండంతస్తుల కింద, చెవిలో రిసీవర్‌తో వాహెద్ వింటున్నాడు.

"అమ్మాయ్, ఇవాళ ఈ కొత్త ల్యాప్‌టాప్ వాడు. స్క్రీన్ మీద అగ్రిమెంట్ స్పష్టంగా కనపడుద్ది. వాళ్ళు సంతకాలకి బల్ల దగ్గరికి రాగానే మేం బయల్దేరతాం. కారు వెనక గేటు దగ్గరుంటది."

వైశాలి ఒక్క క్షణం ఆలస్యంగా, "సరేనండీ," అంది.

వాహెద్ వెంటనే శేషగిరికి ఫోన్ కొట్టాడు. "సంతకాలు మొదలుగాంగనే వుయ్ లీవ్ అంటున్నడు సార్. అంటే వైశాలి కూడా పోతది. బాంబు ఎక్కడున్నా ఆమె లేచి బయటికి పోయినంకనే పేలుతది. హాలు రెండుసార్లు వెతికినం, ఏం దొరకలే. ఆమె కుర్చీల ఉన్నంతసేపు హాలు సేఫ్. ఆమె లేస్తే అదే మనకు సిగ్నల్. లీడర్లను బయటికి గుంజేస్తం."

ప్లాన్ బాగుంది. ఇంగ్లీషులో అయితే ఇంకా బాగుంది. వైశాలితో మాట్లాడే వీల్లేకపోయింది. బాలమురళి మనుషులు ఆమెను విడిచి కదల్లేదు.

మధ్యాహ్నం హాలు నిండింది. ఒక పక్క లూమా, ఒక పక్క దారెక్, మధ్యలో బల్ల. ఆ బల్లకి ఆనుకునే వైశాలి ల్యాప్‌టాప్. ఆమె రెండుసార్లు వాహెద్ వైపు చూసింది. వాహెద్ భరోసాగా తలూపాడు. ఆమె కళ్ళు దించుకుంది.

స్క్రీన్ మీద మొదటి వాక్యం పడగానే దారెక్ లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది. తీరంవాళ్ళ గుమాస్తా భయంభయంగా ఇంగ్లీషులో చెప్పాడు:

"మా భాషలో 'వుయ్' అనడానికి రెండు మాటలున్నాయి సార్. కాయి, తాసా. కాయి అంటే నేనూ నావాళ్ళూ, వినే నువ్వు కాదు. తాసా అంటే నువ్వు కూడా. రీమాగారుంటే ఆయన రాసేవారు. నేను తొందరలో... 'తలావీ ప్రజలమైన కాయి' అని రాశాను."

"అంటే కొండలవాళ్ళు ప్రజలు కారు!" దారెక్ బల్ల మీద గుద్దాడు. "నా ఊరు తగలబడింది ఈ మాట వల్లే!"

 లూమాకి తెలుసు ఆ మాట బరువెంతో.

 నువ్వు కాదు. నువ్వు కూడా. వాహెద్ చెవిలో పొద్దుటి గొంతు మళ్ళీ మోగింది. మేం బయల్దేరతాం. బాలమురళి మనం అనలేదు. నోరు జారింది వాడికి. వాడి మనసులో ఈ అమ్మాయి అప్పటికే చచ్చిపోయింది. విజయవాడలో పుట్టిన మనిషికి ఆ మాట వినపడకుండా ఉంటుందా?

తిరిగి చూశాడు. ఇక సంతకాలు జరగవని తేలడంతో బాలమురళి సెల్‌ఫోన్ చేతిలో పట్టుకుని తలుపు దాటుతున్నాడు. ఇద్దరు నాయకులూ బల్లకి చెరోవైపే ఉన్నారు. వాడికి అది చాలు. వైశాలి కుర్చీ ఖాళీ. ల్యాప్‌టాప్ కూడా లేదు.

"బాలమురళిని పట్టుకోండి! ఫోన్ గుంజుకోండి! అందర్నీ నేల మీద పండబెట్టండి!" అని అరిచి, వెనక అద్దాల తలుపులోంచి లాన్‌లోకి పరిగెత్తాడు. వాన మొదలైంది. చెప్పులు వదిలేసి, ల్యాప్‌టాప్‌ని చంటిపిల్లలా ఎదకి అదుముకుని ఆమె జెట్టీ వైపు పోతోంది. అందుకున్నాడు. బ్యాగు పట్టీ దొరకబుచ్చుకున్నాడు.

"ఇయ్యండి వైశాలీ!"

"వదలండి. పొద్దున విన్నారుగా మీరు?"

"విన్న... కానీ..."

"విని కూడా ఊరుకున్నారు. ఓ దేశం ముందు నేనెంతలే, ఆ ఇద్దరి దగ్గర్నుంచి దీన్ని నేనే దూరంగా తీసుకెళ్ళాలని మీ ప్లానేమో అనుకున్నా. తప్పు పట్టలేదు లెండి. కొంచెం ఏడుపొచ్చింది, అంతే."

"అల్లా కసమ్, నాకు సమజ్ గాలే! మేం, మనం... నాకు తేడా తెల్వలే వైశాలీ! మీరు గూడ పోతరనుకున్న!"

ఆమె ఆగి అతని ముఖంలోకి చూసింది. పొద్దుటినుంచీ మోస్తున్నదేదో దిగిపోయినట్టు ఊపిరి వదిలింది.

"అంతేనా?" అంది.

ఇంకేం మాట్లాడకుండా అతని గుండెల మీద చెయ్యిపెట్టి బలంగా తోసేసింది. తడి గడ్డిలో వాహెద్ వెల్లకిలా పడ్డాడు. లేచేలోపు ఆమె జెట్టీ చివరికి చేరింది. సముద్రంలోకి విసరడానికి చేతులు పైకెత్తింది. ఆ క్షణంలోనే గేటు దగ్గర బాలమురళి బొటనవేలు నొక్కింది. ఉరుమో, పేలుడో అద్దాలు పగిలేదాకా లోపలున్నవాళ్ళకి తెలియలేదు. వాహెద్‌కి తెలిసింది.

గేటు దగ్గర సంకెళ్ళతో బాలమురళి ఇంకా మర్యాదగానే ఉన్నాడు. "ఒక భాష వాళ్ళం బాబూ, మనం మనం మాట్లాడుకుందాం."

ఈసారి వాహెద్‌కి అర్థమైంది. వాణ్ణి కారెక్కించమని సైగ చేశాడు.  

హాల్లో అద్దాలన్నీ పగిలి వాన జల్లు లోపలికి కొడుతోంది. దారెక్ నేల మీంచి లేచి, లూమాకి చెయ్యి అందించి లేపాడు. చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. లూమా తడిసిన కాగితం మీద 'కాయి' కొట్టేసి, పైన 'తాసా' అని రాసింది. ఇద్దరూ సంతకాలు చేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఆ అమ్మాయి మా పక్షమా, వీళ్ళ పక్షమా?" అని అడిగాడు దారెక్.

వాహెద్ పగిలిన తలుపులోంచి జెట్టీ వైపు చూశాడు. లూమా దారెక్ భుజం మీద చెయ్యి వేసి, ఇక అడగొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

రెండువేల సంవత్సరం రెండో రోజు ఉదయం శేషగిరి పేపర్ తెచ్చి వాహెద్ ముందు పెట్టాడు. బ్యాంకులు పనిచేస్తున్నాయి, విమానాలు ఎగురుతున్నాయి, లిఫ్టులు ఆగలేదు. శాంతి చర్చల సంగతి మాత్రం ఇంకా ఎక్కడా రాలేదు. లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త: డార్విన్‌లో వై టూ కే పరీక్షలు చేస్తుండగా కంప్యూటర్ పేలి యువ ఇంజనీర్ మృతి.

"కవర్ స్టోరీ అది. వేరే దారి లేదయ్యా," అన్నాడు శేషగిరి, అతనికేసి చూడకుండా.

రెండేళ్ళుగా ప్రపంచాన్నంతా వణికించిన వై టూ కే, ఆ పేపరు ప్రకారం, చివరికి ఒక్క విజయవాడ అమ్మాయిని చంపి ఊరుకుంది.