వస్తానన్నవాళ్ళ ఇళ్ళు

నాంచారికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. కూతురు జాజికి ఐదేళ్ళు నిండేలోపు తల్లి పేరు పలికే గుమ్మం, అంటే సొంత ఇల్లు, దొరక్కపోతే పిల్లను సర్కారు బాలవసతికి తీసుకుపోతారు. ఇంకా పంతొమ్మిది రోజులే ఉంది.

ఆ భయాన్ని పక్కన పెట్టుకునే ఆమె ఆ ఉదయం నలభై ఒకటో గుమ్మం విన్నది. రాజాం, పాత బస్టాండు వెనక ఇల్లు. ముందు బీరువా ఈడ్చిన చప్పుడు. తర్వాత ఒక మగగొంతు ఎవరితోనో, "ఉంటాను మరి, వస్తాను," అంది. బీరువాతో సహా వెళ్ళినవాడు తిరిగి రాడు. నాంచారి 'మర్యాద' మీట నొక్కింది. తెర మీద రాజాం పక్కనున్న ఖాళీ ఇళ్ళ అంకె ఒకటి పెరిగింది.

నలభై రెండోది పాలకొండ. ఒక ముసలాయన దగ్గుకుంటూ, "వస్తానే, కుక్కకి అన్నం పెట్టు," అన్నాడు. నాంచారి 'మాట' మీట నొక్కింది. ఆ ఇల్లు ఏడాది వరకూ ఆయనదే.

చట్టం చిన్నది. వస్తానని చెప్పి వెళ్ళినవాళ్ళ ఇంటిని ఏడాది పాటు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇల్లు ఎవరిదో వాళ్ళ పేరు పలికే గుమ్మాల్లో గుమ్మంచెవులు బిగించి, గడప దాటేవాళ్ళ చివరి మాటను నమోదు చేయడం మొదలుపెట్టారు. చట్టం రాసినవాళ్ళకు ఒక్క సంగతి తట్టలేదు. ఈ మనుషులు గడప దాటేటప్పుడు వెళ్తున్నానని అనరు. మళ్ళీ మొహం చూపించే ఉద్దేశం లేకపోయినా వస్తాననే అంటారు. మొదటి ఏడాది రాష్ట్రంలో ఒక్క ఇల్లూ ఖాళీ కాలేదు. అప్పుడు ఈ వినికిడిశాల పెట్టారు. పెద్ద చదువులు అక్కర్లేదు, వస్తానన్నది మర్యాదకా, మాటకా చెవికి తెలిస్తే చాలన్నారు. తొమ్మిదో తరగతి సగంలో మానేసిన నాంచారికి ఉద్యోగం అలా వచ్చింది.

ఆమెకూ ఒకప్పుడు గుమ్మం ఉండేది. మొవ్వలో రెండు గదుల అద్దె ఇల్లు. ఏడో నెలలో పురిటికి పుట్టింటికి వెళ్తూ పక్కింటి పిన్నితో, "వస్తాను పిన్నీ," అంది. మూడో నెల బిడ్డను ఎత్తుకుని తిరిగొస్తే గుమ్మం ఎవరో సత్యవాణి పేరు పలికింది. ఈ శాలలోనే ఏదో ఒక కుర్చీలో ఎవరో ఆ గొంతు విని, మర్యాద మీట నొక్కి ఉంటారు. ఏ కుర్చీయో తెలుసుకోవాలని మొదట్లో అనుకునేది. ఇప్పుడు అంత ఓపిక లేదు. మొగుడు పరదేశి చల్లగోడలు బాగుచేసే పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. తల్లీబిడ్డలు ఉండేది ఇల్లు లేనివాళ్ళ కరకట్ట చక్రవాసంలో. నలభై రోజులకొకసారి గది మారుతుంది. గోడకు మేకు కొట్టకూడదు.

అందుబాటు ఊళ్ళ జాబితాను ఆమె నాలుగేళ్ళుగా చూస్తోంది. తన జీతానికి తలుపు తెరిచే ఊళ్ళు అందులో పదో పన్నెండో ఉంటాయి. పొదిలి తెరుచుకున్న రోజే మూసుకుపోయింది. కనిగిరిలో ఇల్లు దొరికింది గానీ నీళ్ళవంతు లేదు. పిల్లలున్నవాళ్ళకు నీళ్ళవంతు లేని ఇల్లు ఇవ్వరు. బద్వేలులో వరుస దగ్గరికొచ్చిందనగా జాజికి జ్వరమొచ్చి పిలుపు వినలేదు, పేరు వెనక్కిపోయింది. చివరికి ఆలూరు మిగిలింది. మాఘమాసం దాటేసరికి ఆలూరు, కోసిగి, పత్తికొండ వైపు ఖాళీ ఇళ్ళు ఎందుకో కుప్పలుగా పుట్టుకొస్తాయి. ఏటా అంతే. ఎందుకన్నది ఎవరూ అడగలేదు.

పదిన్నరకు మణికట్టు మీద పట్టీ వణికింది. *ఆలూరు, చిప్పగిరి రోడ్డు, బండ ఇల్లు. మీరు వరుసలో మొదటివారు. ఒక గుమ్మం వినికిడి మిగిలి ఉంది.*

ఆమె ఆ వాక్యం మూడుసార్లు చదువుకుంది. తర్వాత తెర మీద నలభై ఏడో గుమ్మం తెరుచుకుంది. ఆలూరు, చిప్పగిరి రోడ్డు, బండ ఇల్లు.

శాలలో మనుషులకు పేర్లుండవు, కుర్చీ అంకెలే. పదిహేడో కుర్చీ, వరుసలో మొదటున్న నాంచారి ఒకరేనని యంత్రానికి తెలియదు.

యంత్రం ముందే తన అభిప్రాయం రాసిపెట్టింది. *నివాసి: హుసేనమ్మ. వెళ్ళిన కారణం: సిగ్గు. తిరిగి వచ్చే అవకాశం: అత్యల్పం. సూచన: మర్యాద.*

నాంచారి చెవిదొప్పలు సర్దుకుని విన్నది. మూటలు గడప బయట దింపిన చప్పుడు. దూరంగా లారీ హారన్. ఒక ఆడగొంతు, వయసు నలభై దాటి ఉంటుంది, కసురుతున్నట్టుగా అంది:

"అయిపాయ, పోతాండా ఇంగ!"

పక్కింటి గొంతు వెంటనే అందుకుంది. "తూ, నీ నోట్లో మన్ను పడ! సుగ్గికి పొయ్యేదానివి గడప కాడ నిలబడి పోతా అంటావేందే? వస్తా అను."

"వస్తాలేయ్. రాక యాడికి పోతా, నీ మొగం జూడకుంటే నాకు పొద్దుపోతాదా?"

నవ్వులు. తాళం పడింది. ఒక క్షణం తర్వాత అదే తాళాన్ని రెండుసార్లు లాగి చూసిన చప్పుడు. లారీ కదిలింది.

నాంచారి మళ్ళీ విన్నది. యంత్రం సిగ్గు అని రాసిన చోట చెవికి వేరే మాట వినిపిస్తోంది. అదేమిటో ఆమెకు తెలియదు. కృష్ణా ఒడ్డున పుట్టినదానికి ఆ మాట ఎప్పుడూ తగల్లేదు.

పక్క కుర్చీ ఉరుకుందమ్మది. ఎమ్మిగనూరు మనిషి, నలభై ఐదేళ్ళు, చెవిదొప్పలు మెడలో వేసుకుని జంతికలు నములుతోంది.

"అక్కా, మీ వైపు సిగ్గుకి పోవడం అంటే ఏంటి?"

"సిగ్గుకా? సిగ్గుకు యాడికి పోతారమ్మే? సిగ్గుంటే ఇంట్లోనే ఉంటారు." ఉరుకుందమ్మ నవ్వబోయి ఆగింది. "ఏదీ, ఇటియ్యి."

"మీ జిల్లాది మీరు వినకూడదు కదక్కా."

"అందుకేగా ఈ కతలు. ఇయ్యి." ఒక దొప్ప లాక్కుని చెవికి ఆనించుకుంది. వింటున్నంతసేపూ జంతిక నోట్లోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా అంది. "సిగ్గు గాదు తల్లీ, సుగ్గి. మాతట్ట వానలు లేకపాయ. చేన్లో పనైపోతానే ఇండ్లకు తాళమేసి పిల్లాజెల్లాతో మిరపకాయలు తెంపను మీతట్టుకే పోతారు. ఉగాదికంతా వస్తారు. మా తాతల నాటి నుంచీ అంతే."

"అందరూనా?"

"వీదులు వీదులే పోతాయి. కుక్కలు, ముసలోల్లు మిగులుతారు." దొప్ప తిరిగిచ్చింది. "పోయినేడు మా చిన్నమ్మ సుగ్గి నుంచి వచ్చి తలుపు ముందర నిలబడితే గుమ్మం ఎవురిదో పేరు చెప్పింది. మేము దయ్యం పట్టిందనుకున్యాం. ఎర్రనీళ్ళు గూడ తిప్పి పోసినాం. సిగ్గు అని రాస్తాండాదా ఇది? అయ్యో, దీని మూతి కాల!"

నాంచారి మణికట్టు పట్టీని చీరకొంగు కింద దాచుకుంది. ఉరుకుందమ్మ అది చూసింది.

"నీదేనా ఆ ఇల్లు? నువ్వేనా మొదలు?"

నాంచారి తలూపింది.

ఉరుకుందమ్మ జంతికల పొట్లం మడతపెట్టి అటు తిరిగింది. "అయితే నేనేమీ చెప్పలే. నువ్వేమీ అడగలే. నొక్కుకో."

మధ్యాహ్నం అన్నం వేళ నాంచారి కింది అంతస్తులోని పిల్లల గదికి వెళ్ళింది. జాజి పెరుగన్నంలోని కరివేపాకు ఏరి అంచున పెడుతోంది. ఆలూరు వరుసలో పేరుందని వారం క్రితమే దానికి చెప్పేసింది. చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత అనిపించింది.

"అమ్మా, ఆలూరులో మన గది నంబరెంత?"

"నంబరుండదే. ఇల్లంతా మనదే."

"ఇల్లంతానా? మరి నలభై రోజులయ్యాక?"

"అయ్యాకా మనదే."

జాజి నమ్మలేదు. అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎక్కడికెళ్ళారు?"

"పనికెళ్ళారు," అంది నాంచారి. అనేశాక గానీ తన నోటి నుంచి ఏం వచ్చిందో తనకే తెలియలేదు.

"నాన్నలాగానా?"

నాంచారి దాని మూతి తుడిచి, ఇంకో ముద్ద పెట్టి, పైకి వచ్చేసింది. మెట్ల దగ్గర రెండుసార్లు ఆగింది. కాళ్ళు లాగుతున్నాయి. నాలుగేళ్ళుగా అలా లాగుతూనే ఉన్నాయి.

నలభై ఏడో గుమ్మం తెర మీద ఇంకా తెరిచే ఉంది. పర్యవేక్షకురాలు వసుంధర వచ్చి కుర్చీ వెనక నిలబడింది. మంచిదే ఆవిడ. పనిలో మాత్రం ఆలస్యం పనికిరాదు.

"పదిహేడూ, మూడు గంటలుగా ఒక్కదాని మీదే ఉన్నారు. ఏమైంది?"

"వస్తానంది మేడమ్."

"పక్కావిడ అనమంటే అంది. ఎవరో గుర్తుచేస్తే అన్న వస్తా మర్యాదే. మొదటి రోజు పాఠం అది."

"ముందు పోతానని నోరు జారింది కాబట్టి పక్కావిడ తిట్టింది. తిరిగి రాని మనిషినైతే అంత చనువుగా తిట్టరండి. తాళం కూడా లాగి చూసుకుంది. ఖాళీ చేసేవాళ్ళు తాళం లాగి చూడరు."

వసుంధర నిట్టూర్చింది. "యంత్రం కారణం కూడా రాసింది కదమ్మా. పరువు పోయి ఊరొదిలిన మనిషిలా ఉంది. ఎందుకింత ఇదైపోతున్నారు? ఆ ఇంటి కోసం ఏ పిల్లల తల్లో ఎదురుచూస్తూ ఉంటుంది."

ఆవిడ ఆ మాట అనేసి వెనక వరుస కుర్చీల వైపు వెళ్ళిపోయింది. ఉరుకుందమ్మ తెర వైపే చూస్తూ కూర్చుంది, మెడ తిప్పలేదు.

నాంచారి చెయ్యి మర్యాద మీట మీదికి వెళ్ళింది. మీట నునుపుగా ఉంది. అందరి వేళ్ళూ ఎక్కువసార్లు వాలేది దాని మీదే. ఇందులో తప్పులేదు. నియమం ప్రకారం ఇది మర్యాదే, యంత్రం మర్యాదంది, మేడమ్ మర్యాదంది. రేపు ఈ పాటికి జాజిని చంకనేసుకుని ఆలూరు బస్సు ఎక్కవచ్చు. గుమ్మం తన పేరు పలుకుతుంది. బాలవసతి వాళ్ళు వచ్చినా గడప దాటి లోపలికి రాలేరు.

ఉగాదికి హుసేనమ్మ వస్తుంది. మూట దింపి, తాళంచెవి తీసి, తలుపు ముందు నిలబడుతుంది. లోపలి నుంచి జాజి తొంగిచూసి ఎవరు కావాలి అని అడుగుతుంది.

మొవ్వలో లోపలి నుంచి తొంగిచూసింది కూడా ఒక చిన్నపిల్లే. ఎవరు కావాలాంటీ అని ఎంతో మర్యాదగా అడిగింది. ఆ పిల్ల మీద నాంచారికి ఈనాటికీ కోపం తెచ్చుకోవడం చేతకాలేదు.

ఆమె మాట మీట నొక్కింది.

అంతటితో వదిలేస్తే ఒక్క ఇల్లు ఆగేది. ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండేది కాదు. కానీ తెర అడుగున పదసవరణ అని ఒక చిన్న గడి ఉంటుంది. యంత్రం తప్పుగా విన్న మాటను వినేవాళ్ళు దిద్దవచ్చు. దిద్దితే ఆ మాట ఉన్న పాత గుమ్మాలన్నీ తిరిగి తెరుచుకుంటాయి కాబట్టి దాని జోలికి ఎవరూ వెళ్ళరు. నాంచారి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ సిగ్గు కొట్టేసి సుగ్గి అని రాసింది. అర్థం అడిగితే, 'పనికి పోయి తిరిగి రావడం' అని రాసింది. అక్షరదోషం ఉందేమోనని ఇంకోసారి చూసుకుని పంపింది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత మణికట్టు పట్టీ వణికింది. *ఆలూరు ఇల్లు నిలుపుదల. మీ పేరు వరుస చివరికి మారింది.* ఆ వెంటనే గోడ మీది పెద్ద తెరలో ఆలూరు పక్కనున్న అంకె కరగడం మొదలుపెట్టింది. కోసిగి. పత్తికొండ. మంత్రాలయం. అందుబాటు ఊళ్ళ జాబితాలోంచి ఒక్కొక్క పేరూ జారిపోయింది. చివరకు రెండు పేర్లు మిగిలాయి, ఆ రెండూ నీళ్ళవంతు లేనివే.

వసుంధర పరుగున వచ్చింది. "ఏం చేశావమ్మా? నాలుగేళ్ళ గుమ్మాలు తిరిగి తెరుచుకుంటున్నాయి. వాటిలో జనం కాపురాలున్నారు! ఒక్కో గుమ్మం రెండేసి పేర్లు పలుకుతోందట. ఇప్పుడు వాళ్ళనెక్కడికి పంపాలి?"

"తెలీదండి," అంది నాంచారి. నిజంగానే తెలియదు. ఒక్క హుసేనమ్మే ఆమెకు కనబడింది. మిగతా తలుపుల వెనక ఇప్పుడు కాపురముంటున్న తల్లులు అప్పటిదాకా తోచలేదు. తోచి ఉంటే ఏం చేసేదో కూడా ఆమెకు తెలియదు.

శాలలో ఒక్కరూ మీటలు నొక్కడం లేదు. ఉరుకుందమ్మ లేచి వచ్చి జంతికల పొట్లం నాంచారి ముందు పెట్టింది.

ఆ సాయంత్రమే పదిహేడో కుర్చీని పని నుంచి తప్పించారు. రెండేసి పేర్ల గుమ్మాల తగవు మండలిలో ఇంకా నడుస్తోంది. పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ సర్దుకుని ఒకే వంటింట్లో వండుకుంటున్న ఇళ్ళు కొన్ని ఉన్నాయట, కొట్టుకున్నవీ ఉన్నాయట. ఉగాది వెళ్ళిపోయింది. హుసేనమ్మ వచ్చి తాళం తీసుకుందని ఉరుకుందమ్మకు కబురందింది. జాజికి ఐదేళ్ళు నిండాయి. ఆ తర్వాతి సంగతి ఉరుకుందమ్మకూ తెలియదు. బయటివాళ్ళు పట్టీకి పంపే పిలుపులు చక్రవాసంలోకి చేరవు.

ఇది చదివినవాళ్ళలో ఎవరికైనా కరకట్ట వైపు పని పడితే, చక్రవాసం ఏడో బ్లాకులో నాంచారి అని అడగండి. గదులు మారుతుంటాయి కాబట్టి నాలుగు తలుపులు తట్టాల్సి రావచ్చు. విసుక్కోకండి. పిల్ల ఆమె దగ్గరే ఉందో లేదో ఒక్కసారి చూసి రండి.