ఒకటో నంబరు స్కాన్

ఉదయం పది నలభై. ఏజెంట్ ఎవాంజెలిన్ చెవిలోని స్పీకర్‌లో చీఫ్ రాజశేఖర్ గొంతు పలికింది.

“గాలి ఎటు?”

“దక్షిణానికి సార్.”

కోడ్ సరిపోయింది.

“ల్యాబ్‌లో సాఫ్ట్‌వేర్ కాపీలన్నీ చెరిపేశారు. విదేశీ ముఠా దగ్గరున్న పెన్‌డ్రైవ్ ఒక్కటే మిగిలింది. అది ఆరాంఘర్ చౌరస్తా మీదుగా వెళుతోందని మన ఇన్‌ఫార్మర్ అనుపమ కబురు. వెంటనే అక్కడికి రా.”

“ఆమె మనందరినీ ఒక్క దిక్కే నిలబెట్టింది సార్, అనుమానమొచ్చింది. గందుకే నేను ఎయిర్‌పోర్ట్‌కు వచ్చిన.”

సీటీ స్కాన్ ముక్కలను కలిపి, ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలను చెట్టులా తెరమీద నిలబెట్టే సాఫ్ట్‌వేర్ ఆ పెన్‌డ్రైవ్‌లో ఉంది. దగ్గు మొదలవక ముందే, ఏ కొమ్మ మూసుకుపోతోందో చెబుతుంది. రెండు వేలమంది కాటేదాన్ ఫ్యాక్టరీ కార్మికుల స్కాన్లతో తయారైంది. అది దేశం దాటితే వాళ్లకు ఆ పరీక్ష ఉండదు.

గేటు దగ్గర వీల్‌చెయిర్‌లో ఆక్సిజన్ మాస్క్‌తో ఒక రోగి. వెనక ముత్యాల రంగు పట్టుచీరలో, ఏజెన్సీ నమ్మిన ఇన్‌ఫార్మర్ అనుపమ.

ఎయిర్‌పోర్ట్ సిబ్బంది యూనిఫాంలో ఉన్న ఎవాంజెలిన్ అడ్డం నిలిచింది.

“ఆరాంఘర్‌ల లేవా అక్కా?”

అనుపమ తడబడలేదు. పెన్‌డ్రైవ్ తానే అందించింది. “ఈయన స్కాన్ అండీ. స్కాన్ మీది పేరు, పాస్‌పోర్ట్‌లో పేరు సరిపోయాయి. గేటు మూయడానికి మూడు నిమిషాలే ఉన్నాయి.”

“విదేశీ పేషెంట్‌ను ఆపితే ఎంబసీ దాకా పోతుంది. వదిలెయ్” అన్నాడు స్పీకర్‌లో చీఫ్.

“వదల సార్.”

పెన్‌డ్రైవ్‌ను తన ట్యాబ్‌కు పెడితే, ఆ ఒక్క స్కానే తెరుచుకుంది. మిగతాదంతా లాక్. ట్యాబ్‌లోని మామూలు వ్యూయర్ పెద్ద కొమ్మలు మాత్రమే గీసింది. శ్వాసనాళం రెండుగా చీలకముందే, పక్కకు ఒక అదనపు కొమ్మ. ఎడమవైపు కింద అంతా మూసుకుపోయి ఉంది. ఆ చెట్టును ఆమె దవాఖానలో చాలాసార్లు చూసింది.

“పేరు మార్చిన్రు. కొమ్మలు మార్చుడు మరిచిన్రు. ఆ రెండు వేలల్ల ఇది ఒకటో నంబరు స్కాన్. ఇనుప ఫ్యాక్టరీల పనిచేసిన జయశీలన్‌ది. మా బాపు. రెండేండ్ల కింద మట్టి చేసినం.”

అనుపమ ట్యాబ్ నుంచి పెన్‌డ్రైవ్ లాగి రోగి వైపు విసిరింది. రోగి మాస్క్ పీకి, అందుకుని పరుగెత్తాడు. ఎవాంజెలిన్ ఖాళీ వీల్‌చెయిర్‌ను బలంగా తోసింది. గేటుకు రెండడుగుల దూరంలో అది అతని మోకాళ్లకు తగిలింది. అతను పడ్డాడు. గేటు మూసుకుంది.

“ఊపిరి మంచిగనే ఉంది కదా అన్నా” అంటూ ఆమె పెన్‌డ్రైవ్ తీసుకుంది. భద్రతా సిబ్బంది ఇద్దరినీ పట్టుకున్నారు.

కాసేపటికి చీఫ్ అడిగాడు. “రిపోర్ట్‌లో సాక్షి ఎవరని రాయాలి?”

“జయశీలన్ అని రాయండి సార్.”

“ఆయన లేరు కదమ్మా.”

“గందుకే సార్. ఇగ ఆయన్ను ఎవరూ బెదిరించలేరు.”